వెంటిలేటరు తీసేస్తే పాపమా?
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, మత్తు వైద్య నిపుణుడు చేసిన ప్రసంగ పాఠం)



పండగ పూట చావు కబుర్లేమిటని మా బ్యాచ్ వాళ్లు పొద్దున్నుంచీ నన్ను ఆటపట్టిస్తున్నారు. ఈ విషయం మీద మాట్లాడించమని సంఘాన్ని అడిగింది మాత్రం వాళ్లే. మనలో చాలామందికి అరవై దాటాయి. పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్నారు. ఐసీయూ బయట కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నప్పుడు కథోలిక కుటుంబాలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "డాక్టరుగారూ, వెంటిలేటరు తీసేస్తే పాపమా?"

అన్ని సందర్భాల్లోనూ కాదు. ఇది నా సొంత తీర్పనుకోకండి. 1957 నవంబరు 24న పన్నెండవ పయస్ పోపుగారు ఈ ప్రశ్నకు జవాబిచ్చారు. అడిగింది ఆస్ట్రియాకు చెందిన ఒక మత్తు డాక్టరు, అంటే మా కులంవాడే! శ్వాస యంత్రాలు అప్పుడప్పుడే ఆసుపత్రుల్లోకి వస్తున్న రోజులవి. ప్రాణాన్ని కాపాడుకోవడానికి మామూలు ఉపాయాలు వాడటం మనిషి బాధ్యత, మోయలేని భారమయ్యే అసాధారణ ఉపాయాలు వాడి తీరాలన్న నియమం లేదు అన్నారాయన. ఆశ లేని రోగి విషయంలో కుటుంబం కోరితే డాక్టరు ఆ యంత్రాన్ని ఆపవచ్చని కూడా చెప్పారు.

ఆ మాట ఆయనతో మొదలైంది కాదు. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో దె విటోరియా అనే దొమినికన్ గురువు ఇదే ఆలోచన చేశాడు. వైద్యుడు చెప్పాడు కదా అని ఖరీదైన కోడిమాంసం తిని తీరాలా? మందు కోసం ఆస్తంతా ధారపోయాలా? అక్కర్లేదన్నాడు. నాలుగెకరాలు అమ్మి ఐసీయూ బిల్లు కడుతున్న కొడుకులను చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. 1980లో వాటికన్ వెలువరించిన ప్రకటన కూడా, కుటుంబం మీద మితిమీరిన ఖర్చు పడకూడదని రోగి అనుకోవడం తప్పు కాదంది. డబ్బు మాట ఎత్తితే పాపమని కుమిలిపోయే మనవాళ్లకు ఎవరూ ఈ సంగతి చెప్పరు.

అయితే ఒక్కమాట. బరువు తూచేది చికిత్సకే, మనిషికి కాదు. "ఈ చికిత్స ఇతనికి ఫలమిస్తుందా, భారమే మిగులుస్తుందా" అని అడగొచ్చు. "ఈ ముసలాయన బతికి ఏం లాభం" అని అడగకూడదు. చంపాలనే ఉద్దేశంతో ఇచ్చే ఇంజెక్షన్‌ను శ్రీసభ ఏనాడూ ఒప్పుకోలేదు, రోగి స్వయంగా అడిగినా సరే.

అమెరికాలో కారెన్ ఆన్ క్విన్లాన్ కథ మీలో కొందరికి గుర్తుండొచ్చు. 1975లో ఇరవై ఒక్క ఏళ్ల ఆ అమ్మాయి స్పృహ కోల్పోయింది. తల్లిదండ్రులు నిష్ఠగల కథోలికులు. తమ విచారణ గురువును సంప్రదించి, వెంటిలేటరు తీయించడం కోసం కోర్టుకెక్కారు. అక్కడి బిషప్ వారి పక్షాన నిలిచారు. 1976లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు సరేనంది. యంత్రం తీశారు. అమ్మాయి చనిపోలేదు! సొంతంగా ఊపిరి తీసుకుంటూ 1985 దాకా ఉంది. అన్నేళ్లూ ఆ తల్లిదండ్రులు గొట్టం ద్వారా ఆహారం ఆపలేదు. వాళ్లు వద్దనుకున్నది యంత్రాన్ని, బిడ్డను కాదు.

ఆహారం, నీళ్ల సంగతిలో శ్రీసభ పట్టు ఎక్కువ. గొట్టం ద్వారా ఇచ్చినా అవి మామూలు సంరక్షణేనని 2004లో రెండవ జాన్ పాల్ పోపుగారు చెప్పారు. శరీరం వాటిని ఇముడ్చుకోలేని స్థితి వస్తే వేరు. ఆఖరి రోజుల్లో మూత్రపిండాలు ఆగిపోయాక సెలైన్ ఎక్కిస్తూ పోతే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి రోగిని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. "కనీసం సెలైనన్నా పెట్టండి" అనే బంధువులకు ఇది అర్థమయ్యేలా చెప్పడమే నా ఉద్యోగంలో కష్టమైన పని. మన కోర్టులు, పత్రికలు వాడే 'పాసివ్ యూథనేషియా' అనే మాట గందరగోళాన్ని ఇంకా పెంచింది. పనికిరాని చికిత్స ఆపడాన్ని శ్రీసభ ఆ పేరుతో పిలవదు.

జాన్ పాల్ గారి సంగతే చూడండి. 2005 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరారు, గొంతుకు ఆపరేషన్ చేయించుకున్నారు. మార్చి చివర్లో పరిస్థితి విషమించినప్పుడు మళ్లీ ఆసుపత్రికి వెళ్లకుండా తన గదిలోనే ఉండిపోయారు. ఏప్రిల్ 2న అక్కడే కన్నుమూశారు.

నొప్పి గురించి కూడా చెప్పాలి. సిలువను తలచుకుని బాధ భరించాలని, మార్ఫిన్ వద్దని రోగికి నచ్చజెప్పే బంధువులున్నారు. భరించమని ఎవరినీ బలవంతపెట్టే హక్కు మనకు లేదు. నొప్పి తగ్గించడానికిచ్చే మందు వల్ల ఆయుష్షు కాస్త తగ్గే అవకాశం ఉన్నా, ఉద్దేశం నొప్పి తగ్గించడమే అయితే ఇవ్వవచ్చని అదే పయస్ గారు 1957లోనే చెప్పారు. సరైన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీసే మందు కాదు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగంలో అడగండి, చెబుతారు. రోగి తెలివితో ఉండగానే పాపసంకీర్తనం, ఆస్తి పంపకాలు, క్షమాపణలు కానివ్వండి. అభ్యంగనానికి ఫాదర్‌ను పిలిస్తే పెద్దాయన భయపడతాడని ఆఖరి ఊపిరి దాకా ఆగుతారు మనవాళ్లు. అది చావబోయేవాళ్లకు మాత్రమే ఇచ్చేది కాదని రెండవ వాటికన్ మహాసభే చెప్పింది.

ఇక చేయాల్సిన పని. 2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను అనుమతించింది, 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇప్పుడు మేజిస్ట్రేటు దాకా వెళ్లనక్కర్లేదు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మీ తరఫున మాట్లాడాల్సిందెవరో పేరు రాయండి. అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి, రాత్రి రెండింటికి ఫోను తీసేవాళ్లెవరో ఆలోచించండి. ఆహారం, నీళ్లు, నొప్పి మందు, ఫాదర్ రాక గురించి మీ కోరిక వేరుగా రాయండి. నమూనా ప్రతులు భోజనాల దగ్గర బల్ల మీద పెట్టించాను. మన బ్యాచ్‌లో గెజిటెడ్ అధికారులు బోలెడుమంది ఉన్నారు గానీ అందరూ రిటైరైపోయారు, వాళ్ల సంతకం చెల్లదు. జూనియర్ బ్యాచ్‌ల వాళ్లను పట్టుకోండి.