నల్లా వచ్చింది సరే, నిప్పంటుకుంటే నీళ్లేవి?

(ధర్మపురిలో ఆదివాసీ యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఏ సభ పెట్టుకున్నా జల్, జంగల్, జమీన్ అనే మొదలుపెడతం. ఇయ్యాల నేను కూడా జల్ గురించే మాట్లాడుత. కానీ తాగే నీళ్ల గురించి కాదు, మంటలార్పే నీళ్ల గురించి.

మా గూడెంల ఒక ఎండకాలం గడ్డివాము అంటుకుంది. పెద్దోళ్లు సగం మంది తునికాకుకు పోయి ఉన్నరు. గాలికి నిప్పురవ్వలు లేచి ఇండ్ల కప్పుల మీద పడ్డయి. ఎవరో ఫోన్ చేసి కరెంటు బంద్ చేయించిండ్రు. అది సరైన పనే. తీగ తెగి మీద పడితే మనుషులే పోతరు. కానీ కరెంటు పోంగనే బోరు మోటరు ఆగింది. ఊరికి ఉన్న ఆధారం అదొక్కటే. ఫైరింజన్ వచ్చేసరికి బూడిద మిగిలింది. ఐదు ఇండ్లు పోయినయి. మనుషులు బతికిండ్రు. విత్తనాలు, కుల సర్టిఫికెట్లు, పోడు పట్టా కాగితాలు అన్నీ కాలిపోయినయి. ఆ కాగితాల కోసం మళ్లా ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రో నేను చూసిన.

అప్పటినుంచి నాకు ఒకటే ప్రశ్న. ఊర్ల నల్లా పెట్టేటప్పుడు, కొత్త కాలనీ కట్టేటప్పుడు, నిప్పు సంగతి ఎందుకు లెక్కల ఉండదు?

జవాబు కొంత రాజ్యాంగంలనే ఉన్నది. 1992లో 73, 74 సవరణలు తెచ్చిండ్రు. పంచాయతీలకు 11వ షెడ్యూలు, పట్టణాలకు 12వ షెడ్యూలు. పంచాయతీల జాబితాల 29 అంశాలున్నయి. తాగునీరు ఉన్నది, ఇండ్లు ఉన్నయి, రోడ్లు ఉన్నయి. అగ్నిమాపక సేవ లేదు. అది పట్టణాల జాబితాల ఉన్నది. ఇగ చూడుండ్రి, మనం కూర్చున్న ఈ ధర్మపురి మున్సిపాలిటీ. గోదావరి దాటి అవతలి గట్టుకు పోతే గ్రామపంచాయతీలు. నిప్పుకు ఈ గట్టు, ఆ గట్టు అని తేడా ఉంటదా? పైగా గడ్డి కప్పులు, కట్టెల పొయ్యిలు, పశువుల కొట్టాలు ఎక్కువున్నది మన దిక్కే.

ఇప్పుడు లెక్క చూద్దాం. మిషన్ భగీరథ గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అన్నది. కేంద్రం జల్ జీవన్ మిషన్ 55 లీటర్లు అన్నది. రెండూ తాగడానికి, వాడుకోవడానికి వేసిన లెక్కలే. 300 మంది ఉన్న గూడేనికి 100 చొప్పున 30,000 లీటర్లు. పొద్దున నల్లాలు విప్పితే మధ్యాహ్నానికి ట్యాంకు అడుగంటుతది. ఎండకాలం నిప్పు అంటుకునేది కూడా ఎక్కువగా ఆ మధ్యాహ్నమే. మామూలు ఫైరింజన్ దాదాపు 4,500 లీటర్లు తెస్తది. పంపు పెడితే అది నిమిషాల్లో అయిపోతది. మళ్లా నింపుకునే జాగ దగ్గర్ల లేకపోతే ఆ బండి వచ్చినా రానట్టే.

వేరే దేశాలు పల్లెలకు ఈ లెక్క వేసుకున్నయి. అమెరికాలో నల్లా లైన్లు లేని పల్లె ప్రాంతాల కోసం ఎన్‌ఎఫ్‌పీఏ 1142 అనే ప్రమాణం ఉన్నది. ఒంటరి ఇంటికి కనీసం 2,000 గ్యాలన్లు, అంటే దాదాపు 7,500 లీటర్లు. పక్కన ఇంకో ఇల్లు ఉంటే 3,000 గ్యాలన్లు, 11,000 లీటర్ల పైమాటే. మన గూడేలల్ల ఇల్లు ఇల్లూ ఆనుకునే ఉంటయి కదా!

ఇగ జమీన్ సంగతి. జగిత్యాల నుంచి లక్సెట్టిపేట దాకా 63వ నంబరు హైవే పక్కపొంటి చూడుండ్రి, ప్లాట్ల రాళ్లు కనపడతయి. పంచాయతీ లేఅవుట్ నిబంధనల్లో రోడ్లు, మోరీలు, నీళ్లు, కరెంటు ఉన్నయి. 10 శాతం ఖాళీ జాగ పంచాయతీకి రాసియ్యాలని ఉన్నది. ఆ జాగలో నీళ్ల సంపు కట్టమని పంచాయతీ అడగొచ్చు. మనకు కొత్త ఇండ్ల కాలనీలు వచ్చినప్పుడు కూడా ఇదే అడగాలె.

అడగాల్సినవి నాలుగే.

ఒకటి, ట్యాంకుల చివరి 10,000 లీటర్లు నిప్పు కోసం ఆపాలె. పెద్ద ఖర్చేం కాదు. ఇండ్లకు పోయే పైపు ట్యాంకు అడుగున కాకుండా కొంచెం పైకి పెట్టాలె. అడుగున వేరే వాల్వు పెట్టాలె. ట్యాంకు ఎత్తు మీద ఉంటది కాబట్టి కరెంటు పోయినా నీళ్లు దిగుతయి. నిల్వ నీళ్లు పాడు కాకుండా నెలకోసారి ఆ వాల్వు విప్పి వదలాలె.

రెండు, చెరువు, కుంట, వాగు దాకా ఫైరింజన్ పోయే బాట ఉండాలె, తిరిగే జాగ ఉండాలె.

మూడు, గడ్డివాములు ఇండ్లకు, కరెంటు తీగలకు దూరం పెట్టాలె. ఇది సర్కారును అడిగేది కాదు, మనం మనల్ని అడుక్కునేది.

నాలుగు, 101 నంబరు, లైన్‌మన్ నంబరు ప్రతి గోడ మీద రాసి ఉండాలె.

దీనికి జాగ లేదంటే నమ్మకుండ్రి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదువుండ్రి. నీటి పైపులైన్లు, చిన్న చెరువులు, వాన నీళ్ల నిల్వ కట్టడాలకు హెక్టారు లోపు అడవి భూమి ఇయ్యొచ్చు. హెక్టారుకు 75 చెట్లు దాటొద్దు. గ్రామసభ సిఫారసు చేయాలె. ఏజెన్సీల అయితే 1996 పెసా చట్టం ఉన్నది, అభివృద్ధి పనుల ప్రణాళికకు ముందు గ్రామసభ ఒప్పుకోవాలె. మైదానం గూడేలకు పెసా వర్తించదు. అక్కడ అడవిని నమ్ముకున్న మనోళ్లకు అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తది.

కొమురం భీం కాలంల మన ఇండ్లకు నిప్పు పెట్టి అడవి నుంచి ఎల్లగొట్టిండ్రు. ఆ నిప్పు మీద కొట్లాడి 1940ల జోడేఘాట్‌ల ప్రాణం ఇచ్చిండు. ఇయ్యాల ఎవరూ నిప్పు పెట్టకున్నా మన ఇల్లు కాలుతుంది, ఆర్పే నీళ్లు రాయని ప్లానుల వల్ల. ఆ ప్లాను గ్రామసభ ముందుకొచ్చిన రోజు మీరు లేచి నిలబడి ఒక్క మాట అడుగుండ్రి: "కరెంటు పోయినంక ఈ ఊరికి నీళ్లెక్కడివి?" జవాబు వచ్చేదాకా తీర్మానం మీద సంతకం పెట్టకుండ్రి.

జై సేవా. జై కొమురం భీం.