సౌరఘటంపై నీలిపూత



బరంపురం పట్టుచీరను కొనేవారు మొదట దాని మెరుపును చూస్తారు. తనపై పడిన వెలుతురును తిరిగి విసిరే గుణమే ఆ మెరుపు. చీరకు అది అందం. ఇంటి కప్పుపై అమర్చే సౌరఫలకానికి అదే దోషం. తిరిగి పోయిన వెలుతురు విద్యుత్తుగా మారదు గదా! గంజాం జిల్లాలో ఎండకు కొరత లేదు. వచ్చిన ఎండను ఘటం లోపలికి చేర్చడమెట్లా అన్నదే ప్రశ్న.

సౌరఘటాలలో అత్యధిక భాగం సిలికాన్‌తో తయారైనవి. నునుపు చేసిన సిలికాన్ అద్దంవలె తళతళలాడుతుంది. తనపై పడిన సూర్యకాంతిలో 30 శాతానికి పైగా వెనక్కు పంపుతుంది. దీనికి కారణం వక్రీభవన గుణకాల అంతరం. గాలికి అది 1. సిలికాన్‌కు దాదాపు 3.8. ఒక్కసారిగా అంత ఎత్తుకు ఎక్కలేని కాంతికి నడుమ ఒక మెట్టు కావాలి. సుమారు 2 గుణకం గల పారదర్శక పదార్థాన్ని పూతగా వేస్తే ఆ మెట్టు ఏర్పడుతుంది.

అయితే పదార్థం సరిపోతే చాలదు, మందం కూడా కుదరాలి. పూత పైతలంనుండి కొంత కాంతి, అడుగుతలంనుండి కొంత కాంతి వెనుదిరుగుతాయి. రెండవది పూతలో దిగి తిరిగి ఎక్కి వస్తుంది. ఆ అదనపు ప్రయాణం సరిగా అర తరంగదైర్ఘ్యమైతే ఒకదాని శృంగం మరొకదాని ద్రోణిపై పడి రెండూ రద్దవుతాయి. తెలుగు మాధ్యమంలో వ్యతికరణం పాఠం చదివినవారికి ఈ రెండు మాటలు గుర్తుండే ఉంటాయి. అలా రద్దైన కాంతి నశించదు. ఆ శక్తి సిలికాన్‌లోకి ప్రవేశిస్తుంది. 600 నానోమీటర్ల కాంతికి లెక్క కడితే పూత మందం 75 నానోమీటర్లు, అంటే తలవెంట్రుకలో సుమారు వెయ్యోవంతు. నీలికాంతి తరంగదైర్ఘ్యం తక్కువ గనుక దానికి ఈ మందం అంతగా కుదరదు. కొంత నీలం తిరిగి వస్తుంది. అనేక ఫలకాలు నీలంగా కనిపించడానికి కారణమిదే తప్ప ఎవరూ రంగు వేయలేదు.

ఇంత పలుచని పొరను కొలిచి వేయడంలో ఒక మహిళ పేరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కేథరిన్ బ్లాడ్జెట్ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పరిశోధకురాలు. 1926లో కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ. సబ్బు వంటి ఒక పదార్థాన్ని నీటిపై ఒక అణువు మందాన పరచి, గాజును అందులో ముంచి తీస్తూ 44 పొరలు ఎక్కించి, 1938లో మెరుపు లేని గాజును చూపించారు. దాని లోపం ఒక్కటే, తుడిస్తే ఆ పూత పోయేది!

సౌరఘటాలపై చాలాకాలం వాడిన పూత టైటానియం డయాక్సైడ్. దాని మూలపదార్థం ఈ జిల్లా తీరంలోనే ఉంది. 1980ల నుండి ఛత్రపురం దగ్గర ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ సముద్రపు ఇసుకనుండి వేరుచేస్తున్న ఇల్మెనైట్, రూటైల్ ఖనిజాలలో టైటానియం ఉంది. ఆ ఇసుకే ఘటాలలోకి పోయిందని అర్థం కాదు. ప్రపంచంలో ఈ ఆక్సైడ్ ప్రధానంగా తెల్లరంగులకే వెళుతుంది. వింత అక్కడే ఉంది. పొడిగా గోడకు పూస్తే వచ్చిన వెలుతురునంతా చెదరగొట్టి తెల్లగా కనిపించే ఈ పదార్థమే, 65 నానోమీటర్ల సమమైన పొరగా సిలికాన్‌పై పరచితే వెలుతురును లోపలికి పంపుతుంది. తరువాతి కాలంలో సిలికాన్ నైట్రైడ్ దీని స్థానాన్ని ఆక్రమించింది. నైట్రైడ్ పూతలోని హైడ్రోజన్ సిలికాన్ ఉపరితలంలోని లోపాలను కూడా సరిచేయడం అందుకు ముఖ్యకారణం. క్షారద్రావణంతో ఉపరితలాన్ని సూక్ష్మమైన గోపురాలుగా చెక్కి, ఆపై ఈ పూత వేస్తే పరావర్తనం రెండు మూడు శాతానికి దిగుతుంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ఇంటికప్పు సౌరవిద్యుత్ పథకాన్ని ప్రారంభించింది. ఫలకాలు పెట్టించుకొనే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించవలసి ఉంది. ఘటంపై పూత గాజు కింద భద్రంగానే ఉంటుంది. కాని పైగాజు కూడా 4 శాతం కాంతిని తిప్పికొడుతుంది కనుక, అనేక కొత్త ఫలకాల గాజుపై సూక్ష్మరంధ్రాలు గల సిలికా పూత వేస్తున్నారు. అది ఎండకు, గాలికి, చేతికి అందే చోట ఉంటుంది. గిన్నెలు తోమే అలవాటు కొద్దీ బూడిద, కొబ్బరిపీచు, ఇనుపపీచుతో రుద్దితే ధూళితోపాటు ఆ పూతా పోతుంది. గోపాలపురం వైపునుండి వచ్చే ఉప్పుగాలి పేరుకోకుండా కడగడం అవసరమే. అయితే ఉప్పునీటి బావులున్న చోట ఆ నీరు ఆరాక తెల్లని మరకలు మిగులుతాయి. మంచినీరు, మెత్తని గుడ్డ చాలు. కడగడానికి తగిన వేళ తెల్లవారుజాము. మిట్టమధ్యాహ్నం కాలిన గాజుపై చన్నీళ్లు పోస్తే గాజే పగలవచ్చు.