కోళ్ల షెడ్డుకు పంకాలు: బిగింపు ఖర్చు పోల్చుకోవడం ఎట్లా?



ఎండాకాలం వస్తోందంటే కోళ్లు పెంచేవారికి గుండెలో దడ. కోడికి చెమట పట్టదు. వేడెక్కితే నోరు తెరచి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయం. మన రామగుండం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు కూడా కలవు. అందుచేత కొందరు నాలుగు వైపులా మూసిన షెడ్డు కట్టి, ఒక చివర తడి మెత్తలు, రెండవ చివర గాలిని బయటికి లాగే పెద్ద పంకాలు పెట్టిస్తున్నారు. వీటి ఖర్చు ఎట్లా పోల్చుకోవాలో ఈ పూట ముచ్చటించుకుందాం.

మొదట మనకెంత గాలి కావాలో తేల్చుకోవాలి. షెడ్డు వెడల్పు 40 అడుగులు, సగటు ఎత్తు 9 అడుగులు అనుకోండి. అడ్డుకోత 360 చదరపుటడుగులు. గాలి నిమిషానికి 500 అడుగుల వేగంతో సాగాలంటే, 360ని 500తో హెచ్చవేయండి. నిమిషానికి 1,80,000 ఘనపుటడుగుల గాలి కావాలన్నమాట.

ఇప్పుడు ఇద్దరు వర్తకులు ధరలు చెప్పారనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే సుమా, బజారు ధరలు కావు. మొదటివారి పంకా 20,000 రూపాయలు, లాగే గాలి 20,000 ఘనపుటడుగులు. రెండవవారిది 17,000 రూపాయలు, గాలి 15,000 ఘనపుటడుగులు. రెండూ గంటకు ఒక్కొక్క యూనిటు కరెంటు తింటాయి. చూడగానే మనసు రెండవదానిమీదికే పోతుంది. పంకాకు మూడు వేలు మిగులు కదా!

తొందరపడకండి. మొదటి రకం 9 చాలు, అంటే 1,80,000 రూపాయలు. రెండవ రకం 12 కావాలి, అంటే 2,04,000. అంతటితో అయిందా? ప్రతి పంకాకూ గోడలో కంత, చట్రం, స్టార్టరు, వైరు, ఎర్తింగు, కూలి ఉంటాయి. ఒక్కొక్కదానికి 5,000 వేసుకున్నా, మొదటిదానికి 45,000, రెండవదానికి 60,000. వెరసి 2,25,000 ఒకవైపు, 2,64,000 మరొకవైపు. చౌక అనుకున్నదే 39,000 రూపాయలు ఎక్కువైంది!

కరెంటు సంగతీ చూడండి. గంటకు మూడు యూనిట్లు తేడా. ఏడాదిలో వెయ్యి గంటలు తిరిగితే 3,000 యూనిట్లు. యూనిటు 7 రూపాయలనుకుంటే ఏటా 21,000 రూపాయలు. బిగింపు ఖర్చు ఒక్కసారే. ఇది మాత్రం ఏటేటా కట్టవలసినదే.

ఇక్కడొక మెలిక ఉంది. కాగితం మీద రాసిన గాలి అంకె ఆరుబయట కొలిచినదై ఉండవచ్చు. తడి మెత్తల గుండా గాలిని లాగేటప్పుడు ఎదురు ఒత్తిడి ఉంటుంది, గాలి తగ్గుతుంది. కనుక "25 పాస్కళ్ల ఒత్తిడి వద్ద ఎంత గాలి లాగుతుంది?" అని అడిగి, ఆ అంకెను రాయించుకోండి. నేను చూసిన ఒక షెడ్డులో ఈ మాట అడగలేదు. పంకాలన్నీ తిరుగుతూనే ఉన్నా, మధ్యాహ్నం పంకాల వైపున్న కోళ్లు రొప్పుతూనే ఉన్నాయి. ఆ రైతు మళ్లీ గోడ పగలగొట్టించి మరి రెండు పంకాలు పెట్టించవలసి వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది జనరేటరు. మూసిన షెడ్డులో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే, చూస్తుండగానే కోళ్లు కుప్పలుగా పడిపోతాయి. కాబట్టి జనరేటరునూ, కరెంటు పోయినట్టు తెలిపే గంటనూ బిగింపు ఖర్చులోనే వేసుకోండి. "తరువాత చూద్దాంలే" అనవద్దు. పంకాలన్నీ ఒకేసారి ఆన్ చేయక, ఒకటి తరువాత ఒకటి తిప్పితే జనరేటరు మీద భారం తగ్గుతుంది.

ఐదు వందలు, వెయ్యి కోళ్లు పెంచే చిన్న రైతులు ఇవన్నీ విని అప్పు చేయనక్కరలేదు. షెడ్డును తూర్పు పడమరలుగా కట్టి, కప్పు మీద వరిగడ్డి పరచి తడిపి, పక్కల తడి గోనెపట్టాలు గాలి ఆడేటట్టు వేలాడగట్టి, చల్లని నీరు అందించండి. చాలావరకు గట్టెక్కుతారు. పెద్ద షెడ్డు వేసేవారు మాత్రం పంకా ధర అడిగే ముందు గాలి ధర అడగండి. మనం కొంటున్నది రేకునూ మోటారునూ కాదు, గాలిని.