గోధుమ పడనివారికి తోడు



అన్నము పరబ్రహ్మమని నమ్మిన వారము మనము. తినెడి ధాన్యమే యొక బిడ్డకు కీడు చేయునన్న నమ్ముట కష్టము. అయినను మా యింట నదియే జరిగినది.

సూర్యాపేటలో నా మనుమరాలు మూడేండ్లు విరేచనములతో, రక్తహీనతతో చిక్కి శల్యమైనది. బలము కలుగునని నేనే చపాతీలు తినిపించితిని. కడుపు చెడినపుడు బార్లీ నీళ్లు త్రాగించితిని. తుదకు రక్తమును, చిన్నప్రేగు ముక్కను పరీక్షించి, వైద్యులు దీనిని సీలియాక్ వ్యాధి యనిరి. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అను మాంసకృత్తు చేరినచో, ఈ రోగుల శరీరము తన ప్రేగునే గాయపఱచుకొనును. ఆ ధాన్యములను జీవితాంతము విడుచుటయే చికిత్స.

వరి, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱలలో గ్లూటెన్ లేదు. బియ్యపు మిల్లులకు పేరుగన్న మిర్యాలగూడ చెంతనుండగా కష్టమేమి యందురా? ఈ వ్యాధి మనవైపు అరుదు. 2016లో ప్రకటితమైన పరిశోధనలో ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉత్తరాదిని నూటికొకరికి పైగా, దక్షిణాదిని వేయింటికొకరి రక్తములో కనబడినవి. అరుదైనదానిని చుట్టములు నమ్మరు. “ఒక్క పూరీకేమగును?” అని పెండ్లిలో పెట్టుదురు.

గోధుమ మానినను బిడ్డ పూర్తిగా కోలుకొనలేదు. అప్పుడు వైద్యునితో, “ఇట్టివారు మఱెవరైన వచ్చినచో మా చిరునామా వారికిండు” అంటిని. కొన్ని నెలలకు కోదాడనుండి యొక తల్లియు, మిర్యాలగూడనుండి యొక పెద్దమనిషియు వచ్చిరి. బజారు ఇంగువలో గోధుమపిండి కలుపుదురని ఆ తల్లి చెప్పువఱకు నేనెఱుగను. మా పులిహోరలో అదియే పడుచుండెను. “గోధుమ పట్టిన గిర్నిలో జొన్నలు పట్టింపకుడు” అని ఆ పెద్దమనిషి హెచ్చరించెను. నాటితో మా అటుకమీది తిరుగలి క్రిందికి దిగినది. బిడ్డ తేఱుకొన్నది.

ఇంగ్లండులో 1968లోనే ఇట్టి రోగులు సంఘముగా నేర్పడిరి. మనకు మూడిండ్లు కలిసినను చాలును.

విరేచనములు మానక, ఎదుగుదల లేక, రక్తహీనత మందులకు తగ్గకున్న బిడ్డను వైద్యునికి చూపుడు. పరీక్షకు ముందే గోధుమ మాన్పింపకుడు. మాన్పించినచో రోగము బయటపడకపోవచ్చును. రోగము తేలినచో తోబుట్టువులను గూడ పరీక్ష చేయింపుడు. విందులలో అట్టివారికి వేఱు గరిటెతో వడ్డింపుడు. బలవంతపెట్టుట మర్యాద కాదు. అడిగి వడ్డించుటయే ఆదరణ.

సెలవు.