చాంబర్ నట్టు మర పోతే దాచొద్దు
(మన వేదిక వార్షిక సమావేశంలో వాడి కబీర్ గ్యారేజీ కార్మికుల తరఫున చేసిన ప్రసంగం)



జీతాల గురించి, టికెట్ల గురించి, ఇన్సూరెన్సు గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. మేం చెప్పబోయేది ఒక చిన్న నట్టు గురించి. నవ్వకండి. ఆ నట్టు వల్లే మాలో ఒక తమ్ముడికి రెండు నెలల జీతం పోయింది.

అరబ్బీలో వాడి కబీర్ అంటే పెద్ద వాగు. ఆ వాగు పక్కన సనాయియాలో మేం కార్లు విప్పి బిగిస్తూ బతుకుతున్నాం. రోజూ ఎక్కువగా చేసే పని ఆయిల్ మార్చడం. అందరికీ తేలిగ్గా కనిపించే పని కాబట్టి, కొత్తగా వచ్చిన కుర్రాడికి ముందు అదే అప్పజెప్తారు.

మా తమ్ముడు కూడా అలాగే ఒక కారు కింద దూరాడు. పాత ఆయిల్ దించి, చాంబర్ నట్టు బిగిస్తుంటే అది పట్టలేదు, ఊరికే తిరుగుతూనే ఉంది. అర్బాబ్ తిడతాడని భయపడి ఎవరికీ చెప్పలేదు. నట్టుకి టెఫ్లాన్ టేపు చుట్టి దూర్చేశాడు. సాయంత్రం దాకా చుక్క కారలేదు. మూడో రోజు హైవే మీద నట్టు ఊడిపోయింది, ఆయిలంతా రోడ్డు పాలైంది. ఎర్ర లైటు చూసి బండి ఆపేలోపే ఇంజన్ పట్టేసింది. గంటలో అయ్యే రిపేరు ఇంజన్ మీదికి వచ్చింది.

అసలు తప్పు ఎవరిది? మర ఒక్క రోజులో పోదు. చాలా కార్లకు చాంబర్ అల్యూమినియం, నట్టు ఉక్కు. మెత్తది, గట్టిది కలిస్తే తినేది మెత్తదే. ఎవడో గాలి గన్నుతో బిగిస్తాడు. ఇంకొకడు పాత వాషరే వేసి, కారుతోందని ఇంకో చుట్టు తిప్పుతాడు. మరొకడు వంకరగా ఎక్కిస్తాడు. ఇలా ఐదారు చేతులు పాడు చేశాక, ఆరో చేతిలో తెగుతుంది. నింద మాత్రం చివరి చేతికే.

కాబట్టి మొదటి మాట: విప్పేటప్పుడే చూడండి. నట్టు వదులుగా ఊగినా, దాని మర సందుల్లో వెండి తీగలాంటి అల్యూమినియం చుట్టుకుని వచ్చినా, అక్కడే ఆగండి. ఫోన్లో ఫొటో తీయండి. కొత్త ఆయిల్ పోయకముందే ఫోర్‌మన్‌కి చూపించి, జాబ్ కార్డు మీద రాయించండి. ముందు చెప్తే అది బండిలో ఉన్న లోపం. తర్వాత చెప్తే మన తప్పు.

రెండో మాట బిగింపు గురించి. చాలా టయోటా కార్లకు నట్టు 12 మిల్లీమీటర్లు, పిచ్ 1.25. హోండాలకు ఎక్కువగా 14, పిచ్ 1.5. బిగింపు రెండింటికీ దాదాపు 40 న్యూటన్ మీటర్లు. అంటే 25 సెంటీమీటర్ల పాన చివర సుమారు 16 కిలోల బలం, అంతే. అదే పానకు మీటరు పైపు తొడిగితే ఆ చేతే నాలుగింతలు బిగిస్తుంది. మొదటి చుట్లు వేళ్లతోనే ఎక్కించండి. వేళ్లతో ఎక్కకపోతే పానతో ఎక్కించకండి. వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. ఆయిల్ ఆపేది బలం కాదు, వాషరే.

మూడోది, మర పోయాక ఏం చేయాలి? ముందు కొత్త నట్టు పెట్టి చూడండి. ఒక్కోసారి అరిగింది నట్టే, చాంబర్ బాగానే ఉంటుంది. అది కాకపోతే, సొంతంగా మర కోసుకునే ఓవర్‌సైజు నట్టు దొరుకుతుంది. కానీ అది తాత్కాలికం. వంకరగా దిగితే చాంబర్ పగులుతుంది. టేపు, ఎం-సీల్ అసలు వద్దు. టేపుకి బరువు మోసే బలం లేదు. దాని ముక్కలు లోపలికి పోతే ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి.

నిలిచే పని ఇన్సర్ట్. వీలైతే చాంబర్ దించి చేయండి, పొట్టు లోపల పడే భయం ఉండదు. దించడం కుదరకపోతే డ్రిల్ బిట్టుకీ, ట్యాప్‌కీ గ్రీజు బాగా పూయండి, పొట్టు దానికే అంటుకుంటుంది. కిట్టు మీద రాసిన సైజు బిట్టే వాడండి. ట్యాప్‌ని నిటారుగా పట్టి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ కోయండి. మధ్యమధ్యలో బయటికి తీసి తుడవండి. ఇన్సర్ట్ బయటి వైపు లాక్‌టైట్ పూసి, చాంబర్ ముఖానికి కొంచెం లోపలికి దించండి. పైకి పొడుచుకు వస్తే వాషర్ కూర్చోదు. తీగ చుట్ట రకమైతే చివర తోక విరిచి, అది చేతికి వచ్చిందో లేదో చూసుకోండి. మాటిమాటికీ విప్పే నట్టు కాబట్టి, తీగ చుట్ట కన్నా గట్టి బుష్ రకం మేలు.

తర్వాత నట్టు పెట్టకుండా పైనుంచి అర లీటరు చవక ఆయిల్ పోసి, పొట్టు కడిగేయండి. అల్యూమినియం మాగ్నెట్‌కి అంటుకోదు, దాన్ని నమ్ముకోకండి. ఇంజన్ ఐదు నిమిషాలు నడిపి, కింద తెల్ల కాగితం పరిచి చూడండి. చాంబర్ పగిలి ఉంటే మాత్రం మార్చాల్సిందే. ఇవన్నీ చేసేటప్పుడు జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి దూరొద్దు, స్టాండు పెట్టాకే దూరండి. నట్టు పోతే బుష్ వేస్తాం, మనిషి పోతే ఏం వేస్తాం?

చివరి మాట. నష్టం జరిగిందని జీతం కోస్తామంటే, ఎంత, ఎందుకు అని కాగితం మీద అడగండి. చదవకుండా సంతకం పెట్టొద్దు, ఖాళీ కాగితం మీద అసలే పెట్టొద్దు. ఒమాన్‌లో 53/2023 కార్మిక చట్టం ఉంది, ఫిర్యాదు చేయడానికి కార్మిక మంత్రిత్వ శాఖ ఉంది. బ్యాంకులో పడిన జీతం వివరాలు, జాబ్ కార్డు ఫొటో దాచుకోండి. ముందు మన వేదికకి చెప్పండి, కలిసి వెళ్దాం.

ఆ తమ్ముడు ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు. కొత్త కుర్రాళ్లకి ఆయిల్ పని నేర్పేది అతనే. కారు కింద దూరే ముందు వాళ్లకి అతను చెప్పేది ఒక్కటే: "పోతే పోయింది, ముందు అరువు, చెప్పు. భయపడి మాత్రం దాచకు."

మాది కూడా అదే మాట. గ్యారేజీల్లో సీనియర్లకు ఒక విన్నపం. కుర్రాడు వచ్చి "అన్నా, మర పోయింది" అంటే ముందు తిట్టకండి. తిడితే రెండోసారి చెప్పడు, టేపు చుట్టేస్తాడు.