తండ్రి పేరు అడిగేవాళ్లకు తల్లి పేరే జవాబు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత దళిత కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



నాకిచ్చిన విషయం 'మిశ్రమ సంతతి - మన అస్తిత్వం' అని కరపత్రంలో అచ్చేసినారు. పెద్ద మాట. మన ఊర్లలో దీనికి చిన్న మాట ఉండాది. కొళాయి కాడ బిందెల కొట్లాట వచ్చినప్పుడు, గెట్టు కాడ తగాదా వచ్చినప్పుడు ఆ మాట బయటికొస్తాది. 'నీకు అబ్బ ఎవురురా?' 'బసివి కొడకా!' ఈ మాట పెద్దకులపోడు మాత్రమే అంటాంటే నేను అట్రాసిటీ కేసు ఎట్ల పెట్టాలో చెప్పి పోయేవాణ్ణి. కానీ మన వాడలో మనమే అంటాండాము. అందుకే మాట్లాడాల.

నేను బసివి కొడుకును. ఈ మాట సభలో చెప్పాలంటే ముందు మాయమ్మ ఒప్పుకోవాల గదా అని చానా ఏండ్లు ఆగినాను. చివరికి ఆమే అనింది, 'చెప్పుపో నాయనా, నేనేమన్నా దొంగతనం చేసినానా?' అని.

నన్ను బడిలో వేసిన పొద్దు అయ్యవారు తండ్రి పేరు అడిగినాడు. మాయమ్మ తల వంచుకునింది. పక్కనున్న మా తాత తన పేరు రాయించినాడు. ఆ రిజిస్టర్లో ఈ పొద్దుకీ మా తాతే నాకు తండ్రి. మాయమ్మకూ ఆయనే తండ్రి. అంటే సర్కారు కాగితం ప్రకారం నన్ను కన్నతల్లి నాకు అక్క అయితాది! పదో తరగతి సర్టిఫికెట్లో అదే, ఓటరు కార్డులో అదే. నన్ను పుట్టించిన మనిషి పేరు ఊరందరికీ ఎరికే. ఆ పేరు రాయమని ఎవరూ అనలేదు. ఆయన పేరు దాచడం ఊరికి మర్యాద. మాయమ్మ తల వంచుకోవడం ఊరికి ఆచారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇట్లాంటి కాగితం మోస్తున్నది నేనొక్కణ్ణే కాదని నాకు తెలుసు.

ఈ ఆచారం యాడ నుంచి వచ్చిందో చూడాల. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మనది బళ్లారి జిల్లా. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అక్కడి నుంచి విడిపోయి ఇటు వచ్చినాయి. అందుకే మన మాటలో తెలుగు, కన్నడం కలిసి ఉంటాయి. బసివి ఆచారం కూడా ఆ రెండు భాషల నడుమదే. బసవ అంటే దేవుని పేర వదిలిన ఎద్దు. దానికి ఆడరూపం బసివి. దేవుని ఎద్దు ఏ చేన్లో పడి మేసినా ఎవరూ అడ్డం చెప్పరు. కానీ ఎద్దు తానుగా చేన్లో పడుతుంది. బసివి విషయంలో చేనే ఆడది, మేసేది ఊరి మగోళ్లు. పేరు మాత్రం తిరగేసి పెట్టినారు.

19వ శతాబ్దం చివర ఫాసెట్ అనే తెల్ల పోలీసు అధికారి బళ్లారి జిల్లా బసివిల గురించి రాసినాడు. 1904లో అచ్చయిన బళ్లారి జిల్లా గెజిటీరులోనూ వీళ్ల ప్రస్తావన ఉంది. మాదిగల్లోనే కాదు, బోయల్లో కూడా బసివిలు ఉండేవాళ్లు. కొడుకులు లేని తల్లిదండ్రులు ఒక కూతురికి పెండ్లి చేయకుండా దేవుని పేర వదిలేవాళ్లు. ఆమె కొడుకు స్థానంలో నిలబడుతుంది. తండ్రికి తలకొరివి పెడుతుంది. ఆస్తి ఉంటే పంచుకుంటుంది. ఆమె పిల్లలు తాత ఇంటిపేరుతో, తాత వంశంగానే పెరుగుతారు. మా తాత బడిలో తన పేరు చెప్పింది ఈ లెక్కతోనే.

దీన్ని చూపించి కొంతమంది చదువుకున్నోళ్లు అంటారు, 'ఇది ఆడదానికి కొడుకు హక్కు ఇచ్చిన ఆచారం గదా, దీన్నెందుకు తిడతారు?' అని. ఆ మాటను పక్కకు తోసెయ్యను, తూకం వేస్తాను. తలకొరివి హక్కు వచ్చిన మాట నిజమే. మాయమ్మ మా తాతకు కొరివి పెట్టింది. అయితే ఆ హక్కుకు కట్టిన ధర ఏంది? ఒక ఆడపిల్ల తన పెండ్లిని, తన ఇష్టాన్ని, తన ఒంటిని జీవితాంతం ఊరికి ఇడిసిపెట్టాల. ఆస్తి ఉన్న ఇంట్లో ఆస్తి హక్కు. సెంటు భూమి లేని మాదిగ ఇంట్లో ఏం హక్కు? తాత అప్పు, తాత జీతం, తాత వెట్టి. మిగిలింది దేవుని పేరు, దొరల దారి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏ ఊర్లో పిల్లకు దూరంగా ఉండాలని అంటారో, ఆ ఊర్లోనే చీకటి పడితే ఆ దూరం పోతుంది. మళ్లీ తెల్లారితే వస్తుంది. రాత్రి ముట్టుకున్న చెయ్యి పగలు చెంబు ముట్టనియ్యదు. రక్తం కలుస్తుంది, నీళ్లు కలవవు. పిల్ల పుడుతుంది, పేరు పుట్టదు. దీన్నే కులం అంటారు.

అంబేడ్కర్ 1916లో, ఇరవై అయిదేండ్ల వయసులో, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం గురించి ఒక వ్యాసం చదివినాడు. కులానికి ప్రాణం ఏదంటే తన గుంపులోపలే పెండ్లి చేసుకునే కట్టుబాటు అని అందులో తేల్చినాడు. గమనించండి, కట్టుబాటు పెండ్లికి. పడకకు కాదు. పెండ్లి అయితే ఆడదానికి హక్కు వస్తుంది, బిడ్డకు వాటా వస్తుంది, పంక్తిలో చోటు వస్తుంది. అందుకే దళిత స్త్రీతో పెండ్లి మహాపాపం, సంబంధం మగతనం. బసివి ఆచారం ఈ రెండింటికీ దేవుణ్ణి సాక్షిగా నిలబెట్టింది.

మనువు ఇంకో కథ కట్టినాడు. శూద్ర మగవానికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు చండాలుడట. కలిసిన రక్తం నీచమైనది కాబట్టి మనం ఊరి బయట ఉన్నామట. సంకర జాతుల ఈ కథను 'హిందూమతంలో చిక్కుముళ్లు' అనే పుస్తకంలో అంబేడ్కర్ తునాతునకలు చేసినాడు. ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు, 1987లో గానీ అది అచ్చు కాలేదు. మనం వేయాల్సిన ప్రశ్న సాదాసీదాది. మనువు లెక్క ప్రకారం దేశంలో ఉన్న ఇన్ని కోట్ల మంది ఆ ఒక్క రకం కలయికతోనే పుట్టినారా? మన కళ్ల ముందు శతాబ్దాలుగా జరిగిన కలయిక దానికి తలకిందులు గదా? పెద్దకులం మగోడు, మన ఆడబిడ్డ.

స్వచ్ఛమైన రక్తం గురించి మాట్లాడేవాళ్లను ఒకసారి ఆదోని జామియా మసీదు కాడికి తోడుకొని పోండి. దాన్ని కట్టించింది సిద్ది మసూద్ ఖాన్. 17వ శతాబ్దంలో బిజాపూర్ సుల్తానుల తరఫున ఆదోనిని ఏలినవాడు. ఆయన హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలు ఉన్నవాడు. ఆయన వెంట వచ్చిన జనం, కన్నడ సీమ నుంచి వచ్చినోళ్లు, పత్తి మార్కెట్టుకు నలుదిక్కుల నుంచి చేరినోళ్లు, మగ్గాల కోసం ఎమ్మిగనూరు చేరినోళ్లు, అందరూ ఈ మట్టిలోనే కలిసినారు. ఆదోనిలో నిలబడి నా రక్తం స్వచ్ఛం అనేవాడు చరిత్ర చదవనోడన్నా కావాల, అబద్ధాలకోరన్నా కావాల.

ఆఫ్రికా మాట వచ్చింది కాబట్టి దక్షిణాఫ్రికా సంగతి చెప్తాను. అక్కడ 'కలర్డ్' అనే జనం ఉండారు. అక్కడి మూలవాసులు, డచ్చివాళ్లు తెచ్చిన బానిసలు, తెల్లవాళ్లు, వీళ్లందరి కలయికలో పుట్టిన జనం. ఆ బానిసల్లో మన కోరమాండల్ తీరం నుంచి, బెంగాల్ నుంచి ఓడల్లో ఎక్కించుకొని పోయినవాళ్లు కూడా ఉన్నారు. 1950లో అక్కడి తెల్ల ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి మనుషులందరినీ జాతుల వారీగా రిజిస్టర్లో ఎక్కించింది. జుట్టులో పెన్సిలు గుచ్చి, నిలబడిందా జారిందా అని చూసి జాతి తేల్చినారు. ఒకే తల్లి బిడ్డలు వేరు వేరు జాతుల కింద నమోదైనారు. ఆ చట్టం 1991లో రద్దయింది. కానీ 'నేనెవరు?' అనే ప్రశ్న చట్టంతో పాటు పోలేదు. మమ్మల్ని ముందు తెల్లగా లేరన్నారు, తర్వాత నల్లగా లేరంటున్నారు అని వాళ్లలో చానామంది బాధ. ఇంకొందరు ఆ పేరునే తమ భాష, తమ పాట, తమ బతుకు గుర్తుగా నిలబెట్టుకున్నారు.

వాళ్లకూ మనకూ తేడా ఉంది. అక్కడ కలిసి పుట్టినోళ్లకు మూడో గది కట్టినారు. ఇక్కడ మూడో గది లేదు. బసివి బిడ్డ నేరుగా తల్లి వాడకే వస్తాడు. తండ్రి కులం మీద చుక్క మరక పడదు. అక్కడ పెన్సిలు, ఇక్కడ అయ్యవారి పెన్ను. పని ఒకటే: బలం ఉన్నోని పేరు కాపాడడం, బిడ్డ మెడకు ప్రశ్న తగిలించడం.

ఇంక మన ఇంటి సంగతి. బసివి కూతురికి సంబంధం చూసేటప్పుడు మనోళ్లే వెనక్కు పోతారు. సంఘంలో పదవి ఇచ్చేటప్పుడు మనోళ్లే గుసగుసలాడతారు. ఇంకో రకం కూడా ఉంది. ఒక పిల్లోడు ఒంటి రంగు తెల్లగా ఉంటే 'ఎవురి రక్తమో సూడు' అని మురిసిపోతాము. ఆ పిల్లోడు కూడా నాలో ఫలానా ఇంటి రక్తం ఉంది అని మీసం తిప్పుతాడు. తమ్ముడూ, నేనూ నీ వయసులో తిప్పినాను. ఆ ఇంటి ముందర పోతా పోతా ఆగి చూసేవాణ్ణి. ఒకసారి ఆ మనిషే అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి మొగం తిప్పుకొని, 'ఎవుర్రా వాడు, పొమ్మను' అన్నాడు. ఆ పొద్దు నాకు తెలిసింది, రక్తం అంటే చుట్టరికం కాదని.

మరి నాది ఏ సంస్కృతి? నాకు అన్నం పెట్టింది ఏది, దెబ్బ తిన్నప్పుడు పక్కన నిలబడింది ఎవరు అని చూసుకుంటే జవాబు దొరుకుతాది. వాన రాని ఏడు మాయమ్మ నన్ను చంకనేసుకొని మిరపకాయలు తెంపడానికి గుంటూరు సీమకు పోయింది. ఆ గుడిసెల్లో నాకు జొన్నరొట్టె పెట్టింది వాడ ఆడోళ్లు. నాకు డప్పు పట్టుకోవడం నేర్పింది మా తాత. సగం తెలుగు, సగం కన్నడంలో అవ్వ చెప్పిన కథలు నావి. నేను సగం మనిషిని కాదు. నేను పూర్తిగా మాయమ్మ కొడుకును, పూర్తిగా మాదిగను.

ఈ మాట చట్టం కూడా ఒప్పుకుంటుంది. కార్యకర్తలు గుర్తు పెట్టుకోవాల్సినవి చెప్తాను.

ఒకటి. తండ్రిది వేరే కులమైనా, బిడ్డ దళిత తల్లి దగ్గర, ఆమె జనంలోనే, ఆ అవమానాల మధ్యే పెరిగినట్టు చూపించగలిగితే తల్లి కులం దక్కుతుంది. తండ్రి కులమే బిడ్డ కులం అనేది తిరుగులేని నియమం కాదని సుప్రీంకోర్టు 2012లో రమేష్‌భాయ్ నాయికా కేసులో చెప్పింది. ఎమ్మార్వో ఆఫీసులో 'తండ్రి కులం ఏంది?' అని తిప్పి పంపితే ఈ తీర్పు పేరు చెప్పండి.

రెండు. పెండ్లి కాని తల్లి ప్రమాణపత్రం ఇస్తే, బిడ్డ జనన ధ్రువపత్రం ఇవ్వాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి పేరు చెప్పమని ఒత్తిడి చేసే హక్కు ఎవరికీ లేదు. ఇప్పుడు పుడుతున్న బిడ్డలకు మొదటి రోజే తల్లి పేరుతో నిజం రాయించండి. తాత పేరుతో ఇప్పటికే చదువులు అయిపోయినోళ్లు మాత్రం తొందరపడి ఒక్క కాగితమే మార్చొద్దు. ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో ఇంకోటి ఉంటే ఉద్యోగం కాడ మీకే కష్టం. వకీలును అడిగి చేయండి.

మూడు. ఆడపిల్లను దేవుని పేర వదలడం నేరం. 1947 మద్రాసు చట్టం నాటికే నేరం. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. తల్లిదండ్రులు చేయించినా శిక్షే. దళిత స్త్రీని అట్లా వదలడానికి పెద్దకులపోళ్లు పూనుకుంటే, 2016 జనవరి నుంచి అమలైన సవరణ ప్రకారం అది అట్రాసిటీ కేసు కూడా.

నాలుగోది ఏ చట్టంలోనూ లేదు. మన నోట్లో ఉంది. 'బసివి కొడకా' అనే తిట్టును ఈ పొద్దు నుంచి మన వాడల్లో బంద్ పెట్టాల. ఎవరన్నా అంటే పంచాయితీ పెట్టాల. బసివి బిడ్డలకు పిల్లనిచ్చే, పిల్లను తెచ్చుకునే ఇండ్లు ముందుకు రావాల. అంబేడ్కర్ జయంతి సభలో దండ వేసి, ఇంటికొచ్చి సంబంధం కాడ తండ్రి పేరు అడిగితే ఆ దండకు విలువ లేదు.

ఒక పెద్దాయన పొద్దున నన్ను పక్కకు పిలిచి, 'మన ఆడోళ్ల పరువు ఎందుకప్పా సభలో తీస్తావు' అన్నాడు. పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెప్తాండా. ఇందులో మన ఆడోళ్ల పరువు పోయేది ఏమీ లేదు. పరువు పోవాల్సింది పేరు దాచుకున్నోళ్లకు. ఇన్నేండ్లు తల వంచుకొని నిలబడింది మన అమ్మలు. ఇంక తల ఎత్తాల.

రేపు ఎవరన్నా మీ బిడ్డను 'నీకు అబ్బ ఎవురు?' అని అడిగితే, ఏడ్చుకుంటా ఇంటికి రావద్దని నేర్పండి. 'మాయమ్మ పేరు ఇది, రాసుకో' అని చెప్పమని నేర్పండి.

జై భీమ్.