బొమ్మలో మనం ఎక్కడున్నాం?

(మాన్విలో జరిగిన వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక్కూట పెద్దలు మాకు పదిహేను నిమిషాలిచ్చారు. మాట్లాడేది ఒకరమే గానీ మాట ఇద్దరిది. మన ఇళ్లల్లోంచి మీడియా, దృశ్య సంస్కృతి అనే చదువుకి వెళ్లినవాళ్లం మేమిద్దరం, వరసకి అక్కాతమ్ముళ్లం. అందుకని 'మేము' అంటున్నాం, గొప్పకి కాదు.

సెలవులకి ఊరొచ్చినప్పుడల్లా బస్టాండు నుంచి ఇల్లు చేరేలోపు నలుగురు అడుగుతారు. "అదేం చదువురా? టీవీలో వార్తలు చదువుతారా? సినిమాల్లో చేరతారా?" అని. మా నాన్న అయితే ఇప్పటికీ చుట్టాలకి "కంప్యూటర్ చదువుతున్నారు" అని చెప్పి ఊరుకుంటాడు. ఈరోజు సభలో సరిగ్గా చెప్పేద్దామని వచ్చాం. ఫోటో, సినిమా, గోడ మీది పోస్టరు, క్యాలెండరు, పెళ్లిపత్రిక, ఫోన్లో వచ్చే రీలు, చీర మీది బుటా, ఇలా కంటికి కనబడేది ఏదైనా సరే, దాన్ని ఎవరు చేశారు, ఎవరు చూడాలని చేశారు, అందులో ఎవర్ని చూపించారు, ఎవర్ని పక్కన పెట్టారు అని అడగడం మా చదువు. 1972లో బీబీసీ టీవీలో జాన్ బెర్జర్ అనే రచయిత నాలుగు భాగాల కార్యక్రమం చేశాడు. చూడటం కూడా నేర్చుకున్న పనే, మనం ఏ చోట నిలబడి చూస్తున్నామో దాన్నిబట్టి కనబడేది మారుతుంది అని ఆయన వాదన. మొదటి నెలలో మాకు అదే పాఠం. వినడానికి బాగానే ఉంది గానీ, అది మాకు అర్థమైంది మాత్రం మా తాత వల్ల.

ఒకరోజు క్లాసులో గోడ మీద ఒక నలుపు తెలుపు ఫోటో వేశారు. గుంట మగ్గం ముందు ఒక ముసలాయన, చేతిలో నాడె, పక్క కిటికీలోంచి వెలుగు. అందరూ ఆ వెలుగు గురించి, ఆయన ముఖం మీది ముడతల గురించి ఇంగ్లీషులో ఎంతో చక్కగా మాట్లాడారు. మేము నోరు విప్పలేదు. ఆ ఫోటోని మా ఫోన్లో తీసుకుని రాత్రి తాతకి చూపించాం. తాత కళ్లజోడు పెట్టుకుని, వేళ్లతో బొమ్మ పెద్దది చేసి చూసి, "ఈయన నేయటం లేదురా, ఫోటోకి కూర్చున్నాడు" అన్నాడు. ఎట్లా తెలుసు తాతా అంటే, "పడుగు నోరు తెరుచుకుందా? లేదు. ఇంక నాడె ఎక్కడ విసురుతాడు? ఇదిగో ఇక్కడ నాలుగు పోగులు తెగి వేలాడుతున్నాయి. అవి అతక్కుండా ఎవడైనా నాడె పడతాడా?" అన్నాడు. ఇంకొంచెం సేపు చూసి, "పాపం, మగ్గం చాలా రోజులుగా ఆగిపోయినట్టుంది. దుమ్ము దులిపి కూర్చోబెట్టారు" అన్నాడు.

ముప్పై మంది గంటసేపు చూసి పట్టుకోలేనిది మూడో తరగతి చదివిన మా తాత రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు. మర్నాడు క్లాసులో ఆ మాటే చెప్పాం. మా టీచరు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోటో కింద ఉన్న అక్షరాలు చదవమన్నారు. ఫోటో తీసినాయన పేరుంది, సంవత్సరం ఉంది. కూర్చున్నాయన గురించి మాత్రం ఒక్క మాటే, 'నేతగాడు' అని.

అప్పట్నుంచి మాకు అదొక పిచ్చి పట్టుకుంది. మగ్గం బొమ్మ ఎక్కడ కనబడినా పేరు వెతకడం. 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినం జరుపుతున్నాం కదా, 1905లో అదే రోజు స్వదేశీ ఉద్యమం మొదలైందని గుర్తుగా. ఆ రోజు మన ఫోన్లకి వచ్చే పోస్టర్లు ఒకసారి వరసగా పెట్టి చూడండి. చెయ్యి ఉంటుంది, రంగు నూలు ఉంటుంది, నాడె ఉంటుంది. మనిషికి ముఖమే ఉండదు. ముఖం ఉన్నా పేరుండదు.

ఇది ఇవాళ్టి సంగతి కాదని లైబ్రరీలో తెలిసింది. 1866లో లండన్‌లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు గుడ్డలు కత్తిరించి అట్టలకి అతికించి పుస్తకాలు చేయించాడు. మొత్తం 18 సంపుటాలు, 700 ముక్కలు. అట్లాంటి సెట్లు 20 తయారుచేసి, 13 బ్రిటన్‌లో ఉంచి, 7 ఇండియాకి పంపారు. ధోవతులు, చీరలు, తలపాగాలు, రుమాళ్లు అన్నీ ఉన్నాయి. గుడ్డ ఏ ఊరిది, పొడవెంత, వెడల్పెంత, బరువెంత, ధరెంత అని పక్కన రాసిపెట్టారు. ఎందుకంటే ఇక్కడి జనం ఏం కడతారో అక్కడి మిల్లువాళ్లు చూసుకోవాలి, అట్లాంటివే చేసి మనకే అమ్ముకోవాలి. నేసినవాళ్ల పేర్ల ఊసు లేదు. ఆ పేజీలు కొన్నిటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టారు. హాస్టల్ గదిలో కూర్చుని ఒక్కో ముక్కా పెద్దది చేసి చూస్తుంటే, నేత మీద ప్రేమా కలిగింది, కడుపులో మంటా కలిగింది. ఎంత సన్న నేత! ఎంత శ్రద్ధగా కొలిచారో, అంత శ్రద్ధగా మనిషిని వదిలేశారు.

నూట యాభై ఏళ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకంటారేమో. మా మేనమామ సంగతి వినండి. నల్గొండ వైపు చిటికి కట్టి రంగులద్ది నేస్తాడు. రెండేళ్ల కిందట ఒక కొత్త డిజైను వేసి, చీర మగ్గం దిగీ దిగగానే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ దండాలు పెట్టారు, బొటనవేళ్లు చూపించారు. ఆరు నెలలు తిరక్కుండా, పెళ్లి బట్టలకని ఒక పెద్ద ఊరికి పోతే దుకాణంలో అదే డిజైను కనబడింది. మిల్లు గుడ్డ మీద ప్రింటు, ధర మూడో వంతు. మామయ్య దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడట. వెనక రంగు వెలిసినట్టుంది, పూల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. మన చిటికి నేతలో అంచు కొంచెం చెదురుతుంది, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. ఇది మీకు చెప్పేంతవాళ్లం కాదు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పేరుని కాపాడుతుంది. గ్రూపులోకి వెళ్లిన ఫోటోని వెనక్కి తేలేదు.

ఇక్కడే మా చదువు కొంత పనికొచ్చింది. దుకాణంలో చీరని తిరగేసి చూస్తాం, ఫోన్లో తిరగేయలేం. ఫోటో తీసిన క్షణంలోనే గుడ్డకి వెనక భాగం లేకుండా పోతుంది. చేతికి తగిలే బరువు పోతుంది, గంజి వాసన పోతుంది. అసలుదీ ప్రింటుదీ తెరమీద ఒకటే అయిపోతాయి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మోసపోతున్నది అక్కడే, మనం నష్టపోతున్నదీ అక్కడే. అందుకని మామయ్యకి మేము చెప్పింది ఒకటే. కొత్త డిజైను పూర్తిగా పరిచి గ్రూపులో పెట్టొద్దు. అమ్మేటప్పుడు మాత్రం ముందు పక్క ఒక ఫోటో, తిరగేసి ఇంకో ఫోటో, మగ్గం మీద సగం నేసినప్పుడు ఇంకొకటి, నేసినవాళ్ల పేరు, ఊరు, పట్టిన రోజులు. చేనేత గుర్తు 2006 నుంచి ఉంది కదా, అది సరిపోదా అని ఆయన అడిగాడు. గుర్తు ఉండాల్సిందే. కానీ గుర్తు గుడ్డ సంగతే చెబుతుంది, నేసిన మనిషి సంగతి చెప్పదు.

మీలో కొందరికి ఒక అనుమానం రావచ్చు. ఫోన్లూ కంప్యూటర్లూ వచ్చి మనల్ని ముంచాయని. కొంత నిజమే. కానీ ఒక ముచ్చట. ఫ్రాన్స్‌లో జకార్డు మగ్గం కనిపెట్టినాయన చనిపోయాక, 1839లో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి 24,000 అట్టలు పట్టాయి. చూసినవాళ్లు అది అచ్చు వేసిన బొమ్మ అనుకున్నారు. కంప్యూటరుకి ఆద్యుడు అంటారే, ఆ ఛార్లెస్ బాబేజ్ దగ్గర ఆ నేత బొమ్మ ఒకటుండేది. ఆయన తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే వాడదామనుకున్నాడు. ఫోన్ తెరని బాగా పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా కనబడుతుంది, మన గ్రాఫు కాగితం లాగే. క్లాసులో పిక్సెల్ అని చెబుతుంటే మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇది చిన్నప్పట్నుంచి ఇంట్లో చూస్తున్నదే కదా అని.

ఇంక పటం కథల గురించి చెప్పాలి. నిజానికి దీని గురించి చెబుదామనే ఒప్పుకున్నాం.

మనలో పద్మశాలీలున్నారు, దేవాంగులున్నారు, తొగటలు, కుర్ణివాళ్లు, స్వకులసాలీలు ఉన్నారు. ఎవరి పురాణం వారికుంది. తెలంగాణలో పద్మశాలీల కథ చెప్పడానికి కూనపులివాళ్లని ఉన్నారు. వాళ్లు పటం తెచ్చి కట్టి, మార్కండేయ పురాణం, భావనారుషి కథ ఒక్కో గడీ చూపిస్తూ పాడతారు. భావనారుషి తామర తూళ్ల నారతో దేవతలకి బట్ట నేయడం, పులి వాహనం, సూర్యుడి కూతురు భద్రావతితో పెళ్లి, అన్నీ బొమ్మల్లో ఉంటాయి. ఆ పటాలు గీసేవాళ్లు చేర్యాల నకాషీలు. మేము ప్రాజెక్టు పని మీద చేర్యాల వెళ్లాం. చేనేత గుడ్డ తీసుకుని, దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి, ఎర్రటి రంగు నేపథ్యం వేసి, పై నుంచి కిందికి వరసలు వరసలుగా బొమ్మలు రాస్తారు. పటం ఎన్నో గజాల పొడవుంటుంది, చుట్టి మోసుకుపోతారు. విప్పుకుంటూ పోతుంటే కథ నడుస్తుంది. సినిమా రీలు వేరే ఏముంది?

మాకు ఆశ్చర్యమైంది ఇది. గుడ్డ మనది. దాని మీద కథ మనది. పాడేవాళ్లకి ధాన్యమో డబ్బో ఇచ్చేది మన ఇళ్లవాళ్లు. రాత్రంతా కూర్చుని చూసేదీ మనవాళ్లే. ఎవరో బయటివాళ్లకి మనల్ని చూపించడానికి గీసిన బొమ్మ కాదది, మనల్ని మనకి చూపించడానికి గీసింది. పటం పాతబడి చినిగితే పారేయరు, నీళ్లలో కలుపుతారు, కొత్తది రాయిస్తారు. పాత పటాలు ఇప్పుడు మ్యూజియంలలో గాజు వెనక ఉన్నాయి. వాటిని దాచడం మంచిదే, మేము కాదనం. కానీ అక్కడ వాటికి పాడే గొంతు లేదు.

అన్నీ పొగడాలని కూడా లేదు. మేము చూసిన పటంలో కండెలు చుట్టే ఆడమనిషి కోసం చాలాసేపు వెతికాం. రుషి ఉన్నాడు, దేవుళ్లున్నారు, రాక్షసుడున్నాడు. కండెలు చుట్టే మనిషి కనబడలేదు.

ఆ ఆడమనిషి 2019లో సినిమాలో కనబడింది. 'మల్లేశం' మీరందరూ చూసే ఉంటారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు, అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు పోసే యంత్రం చేశారు. 1999 నాటికి అది పని చేసింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకి ఆసు పోయాలంటే చెయ్యి 9,000 సార్లు తిప్పాలని లెక్క. మా అమ్మమ్మ పెళ్లై మాన్వికి రాకముందు పుట్టింట్లో ఆసు పోసిన మనిషి. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో చూపించాం. మొదట్లో నవ్వింది. "నాలుగుసార్లు తిప్పి నొప్పంటోంది, చూడు" అంది. నిజమే, సినిమా 9,000 సార్లు చూపించలేదు. నాలుగుసార్లు చూపించి తతిమ్మాది మనల్ని ఊహించుకోమంటుంది, దాన్నే మా పుస్తకాల్లో ఎడిటింగ్ అంటారు. కానీ యంత్రం తిరిగే చోటికి వచ్చేసరికి అమ్మమ్మ మాట ఆగిపోయింది. తన కుడి భుజాన్ని తానే పట్టుకుని కూర్చుంది. సినిమా అయ్యాక "మా అమ్మకి ఎవరూ చెయ్యలేదు" అని మాత్రం అంది. మేము ఆ సినిమా మీద ఇరవై పేజీల వ్యాసం రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాం. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశాం. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాం.

ఇంక మేము పెట్టుకున్న పని గురించి చెప్పి దిగిపోతాం. మన మాన్వికి తూర్పున రాయచూరు దాటితే గద్వాల, పడమట లింగసుగూరు దాటితే ఇల్కల్. అందుకే మన ఇళ్ల పెట్టెల్లో రెండు రకాలూ ఉంటాయి. గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచు కలిపే పనితనం, ఇల్కల్‌లో ఒంటి పడుగుకి కొంగు పడుగుని కొండి వేసి కలిపే పనితనం. ఒకే ఇంట్లో అత్తది ఒకటి, కోడలిది ఒకటి. వాటి ముందూ వెనకా ఫోటోలు తీసి, ఎవరు నేశారు, ఎవరి పెళ్లికి కొన్నారు, ఎంతకి కొన్నారు అని రాసుకుంటున్నాం. ఇప్పటికి 41 చీరలయ్యాయి. నేసినవాళ్ల పేరు దొరికింది తొమ్మిదింటికే.

మొన్న ఒక ఇంట్లో పెద్దాయన తాను నేసిన చీర తెచ్చి, రాసుకోండి అని తన పేరు చెప్పాడు. వంటింట్లోంచి ఆయన భార్య వచ్చి, "కండెలు ఎవరు చుట్టారు? పడుగుకి గంజి ఎవరు పెట్టారు?" అని అడిగింది. ఆయన కాసేపు గొణిగాడు. ఆ కాగితంలో పేరుకి ఒక్కటే గడి గీసుకుని వెళ్లాం మేము, అది మా తప్పే. అక్కడే గీత కొట్టి రెండు చేశాం, ఇద్దరి పేర్లూ రాశాం. ఆమె తన పేరు చెప్పి, "ఇంటిపేరు పుట్టింటిది రాయండి" అంది.

ఎడమ పక్క గదిలో బల్ల వేసి తెల్ల దుప్పటి పరిచాం. భోజనాలయ్యాక సాయంత్రం దాకా అక్కడే ఉంటాం. పాత చీరలుంటే తీసుకురండి. చినిగినవైనా పర్లేదు, ఉతక్కండి.